కంట్రోల్ ఏడు

కొత్త భవనంలోకి ముందు మనుషులు వెళ్ళారు,
తర్వాత మైక్రోస్కోపులు,
జ్వరమొచ్చిన పిల్లల్లా దుప్పట్లు చుట్టుకుని.
చివరికి మిగిలింది ఫ్రీజర్లూ నేనూ.

టార్టూలో మార్చి నెల.
కిటికీ కింద ఎమయొగి
మంచుపలకల్ని ఒకదానిమీదొకటి తోసుకుంటూ
విసుగ్గా పోతోంది.
మా భాషలో ఆ పేరుకి తల్లి ఏరని అర్థం.
తెలిసినా ఎవరూ దాన్ని అమ్మా అని పిలవరు.

పై అంతస్తు వాళ్ళకి ప్రాణమంటే ప్రశ్న.
నాకు ప్రాణమంటే మైనస్ ఎనభై.
వాళ్ళు మెలికల నిచ్చెన బొమ్మ గీసి
మెట్టు మెట్టుకీ పేరు పెడుతుంటే
ముప్ఫై ఎనిమిదేళ్ళు నేను గాజు కడిగాను.
సెమినార్ గదిలో రుజువైనవన్నీ
నా సింకు మీదుగా వెళ్ళినవే.

అడుగు అరలో,
గడ్డకట్టిన గడ్డంలా వేలాడే మంచు వెనక,
రేకు పెట్టె. రష్యన్ అక్షరాలు, పెన్సిల్ రాత.
లెంబిత్ కుర్గ్ గారిదే, అనుమానం లేదు.
ఒకటితో పొరబడకుండా
ఏడు నడుముకి అడ్డగీత గీసేవాడు.
ఆయన పోయి పదకొండేళ్ళు. గీత చెరగలేదు.
"ఆరోగ్యవంతులు. కంట్రోల్ 1 నుంచి 12. నవంబర్ 1988."

ఆ ఏడాది డబ్బుల్లేవు, దాతల్లేరు.
కారిడార్‌లో నిలబడి చొక్కా చేయి మడవమన్నాడు,
కాఫీ గింజలు దొరికాయి, రా తాగుదువుగాని
అన్నంత మామూలుగా.
డ్రైవర్ ఇచ్చాడు. లైబ్రరీ ఆవిడ ఇచ్చింది.
ఏడోదాన్ని నేను. ఇరవై నాలుగేళ్ళు.
జబ్బు ఎలా ఉంటుందో చెప్పాలంటే
జబ్బు లేకపోవడం ఎలా ఉంటుందో
ఎవరో ఒకరు చూపించాలి కదా.

సూది దిగినప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి
క్రిస్మస్‌కి తెలిసింది.
ఫిబ్రవరికి అయిపోయింది.
మా ఆయన నాలుగు రోజులు కట్టెలు కొట్టాడు.
ఆ కట్టెలు మూడు చలికాలాలు వచ్చాయి.

చాలా ఏళ్ళకి, గాజు ఆరబెడుతూ,
తలుపు సందులోంచి విన్నాను:
తల్లి నెత్తుట్లో బిడ్డ తునకలు తేలుతుంటాయట,
కంటికి ఆనని అక్షరాలు,
ఇంకా పొట్టయినా కనబడని వారాల్లోనే.
చేతిలో బీకరుంది. జారలేదు.
నా చేతిలోంచి ఏదీ జారదు.

సమ్మతి పత్రం లేని నమూనాలన్నీ పారెయ్యాలని
కొత్త నియమం.
మంచి నియమమే. మీటింగులో ముందు చెయ్యెత్తింది నేనే.
ఆ రోజుల్లో పత్రమెక్కడిది,
చొక్కా చేయి మడవడమే సంతకం.
ఒకటి నుంచి ఆరు, పసుపు సంచిలోకి.
డ్రైవరూ లైబ్రరీ ఆవిడా టక్కు టక్కుమని పడ్డారు.
ఎనిమిది నుంచి పన్నెండు, అదే సంచి.

ఏడు నా గ్లవ్ మీద ఉంది.
చిటికెన వేలంత.
ఆవిరి చిమ్ముతూ, మంచు పొర కింద
మెల్లగా ఎరుపు తేలుతూ.
తొంభై సెకన్లకి మించి బయట ఉంచరాదు.
తలుపుకి అంటించిన ఆ కాగితం రాసింది నేనే.

పత్రం తీశాను.
దాత పేరు: హెల్యు సారపూ.
వయసు: ఇరవై నాలుగు అని రాసి, కొట్టేసి,
అరవై ఒకటి.
సాక్షి సంతకం సామాన్లు మోసే కుర్రాడు రైన్ పెట్టాడు.
ఎందుకని అడగలేదు,
ట్రాలీ చక్రాన్ని తిట్టుకుంటున్నాడు.
కింద ఇంకో గడి:
ఈ నమూనాలో వేరొకరి సమాచారం ఉందా?
ఉంటే వారి పేరు.

డెబ్భై తొమ్మిది. ఎనభై.
పేరు దాకా రాలేదు మేం.

గడిలో ఒక అడ్డగీత గీశాను,
కుర్గ్ గారు ఏడుకి గీసేలాంటిది.
తెలియనివాళ్ళకి కొట్టేసినట్టు ఉంటుంది.

ఎనభై ఎనిమిదికి
తలుపు మూశాను.